బ్లాక్‌చెయిన్: దిద్దితే తెలిసిపోయే పద్దు

ఒకే లెక్క చాలామందికి కావాలి, కానీ వాళ్లకు ఒకరిమీద ఒకరికి నమ్మకం లేదు. అలాంటప్పుడు పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి? బ్యాంకు, రిజిస్ట్రారు, ఓడరేవు అధికారి అంటూ ఎవరో ఒకరి చేతిలో పెట్టి, ఆ ఒక్కరినీ నమ్ముకుని లోకం నడిచింది. బ్లాక్‌చెయిన్ దీనికి మరో దారి చూపింది. పుస్తకం ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటుంది. కొత్త పద్దు చేరాలంటే అందరూ ముందే ఒప్పుకున్న నియమం ప్రకారం చేరాలి. పాత పద్దును ఎవరు దిద్దినా మిగతావారి ప్రతులతో సరిపోలక దొరికిపోతుంది. బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెంతో లోకానికి పరిచయమైన ఈ ఏర్పాటును ఇప్పుడు భూముల రిజిస్ట్రేషన్, మందుల సరఫరా, మిర్చి ఎగుమతి, చిట్‌ఫండ్లు, చివరికి ఫోన్‌కు వచ్చే ఎస్సెమ్మెస్‌ల దాకా వాడి చూస్తున్నారు. కొన్నిచోట్ల నిలబడింది, కొన్నిచోట్ల కోట్లు ఖర్చయ్యాక మూతపడింది. ఎక్కడ ఎందుకు నిలబడిందో చూస్తే ఈ సాంకేతికత సత్తా ఎంతో, హద్దు ఎక్కడో తెలుస్తుంది.

గొలుసు ఎలా కడతారు

దీనికి ఆధారం హ్యాష్ అనే గణిత ప్రక్రియ. ఎంత పెద్ద పత్రాన్ని అందులో వేసినా ఒకే పొడవున్న గుర్తు బయటికి వస్తుంది. బిట్‌కాయిన్ వాడే షా-256 పద్ధతిలో ఆ గుర్తును 64 అక్షరాలు, అంకెల వరుసగా రాస్తారు. పత్రంలో ఒక్క కామా మారినా ఆ వరుస పోలిక లేనంతగా మారిపోతుంది. వరుసను పట్టుకుని అసలు పత్రాన్ని రాబట్టడం కుదరదు. అదే వరుస వచ్చేలా దొంగ పత్రాన్ని తయారుచేయడం నేటి కంప్యూటర్ల వల్ల కాదు.

కొన్ని లావాదేవీలను కలిపి ఒక బ్లాకుగా కడతారు. ప్రతి బ్లాకులో దానికి ముందున్న బ్లాకు హ్యాష్ కూడా ఉంటుంది. అందువల్ల పదేళ్ల కిందటి పద్దును మార్చాలనుకున్నవాడు దాని తర్వాత వచ్చిన బ్లాకులన్నిటినీ మళ్లీ కట్టాలి, అదీ వేర్వేరు చోట్ల ఉన్న అన్ని ప్రతుల్లోనూ.

కొత్త బ్లాకును ఎవరు చేర్చాలన్నది అసలు చిక్కు. బిట్‌కాయిన్‌లో అనుమతి లేకుండా ఎవరైనా పాల్గొనవచ్చు. కఠినమైన లెక్కను ముందు తేల్చినవారికే బ్లాకు చేర్చే హక్కు దక్కుతుంది. ఆ పోటీకి విపరీతంగా కరెంటు ఖర్చవుతుంది. ఎథీరియం అనే మరో గొలుసు 2022 సెప్టెంబరులో ఈ పద్ధతిని వదిలి, నాణేలను హామీగా పెట్టినవారికి ఆ బాధ్యత అప్పగించింది. దాంతో దాని విద్యుత్ వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. ప్రభుత్వాలు, కంపెనీలు ఎక్కువగా ఎంచుకునేది మూడో రకం: ఎవరు చేరాలో ముందే నిర్ణయించిన, అనుమతి ఉన్నవారికే తెరుచుకునే గొలుసు. లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో వచ్చిన హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ ఈ కోవలో బాగా వాడుకలో ఉంది.

ఈ ఆలోచన బిట్‌కాయిన్ కంటే పాతది. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డిజిటల్ పత్రం ఏ రోజు పుట్టిందో రుజువు చేయడానికి హ్యాష్‌లను గొలుసుగా కట్టే పద్ధతిని ప్రతిపాదించారు. వారి సంస్థ ష్యూరిటీ 1995 నుంచి ఆ గొలుసు హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించేది. లక్షల ఇళ్లకు, గ్రంథాలయాలకు చేరిన పత్రికను వెనక్కి తెప్పించి దిద్దడం ఎవరికీ సాధ్యం కాదు కదా. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో పేరుతో వెలువడిన బిట్‌కాయిన్ పత్రం ఆధారంగా పేర్కొన్న 8 రచనల్లో మూడు ఈ ఇద్దరివే. 2009 జనవరి 3న తొలి బ్లాకు పుట్టింది. 2015లో మొదలైన ఎథీరియం మరో మెట్టు ఎక్కింది. షరతు నెరవేరగానే తనంతట తాను అమలయ్యే ఒప్పందాన్ని ప్రోగ్రాముగా రాసి గొలుసులోనే ఉంచవచ్చని చూపింది. దాన్నే స్మార్ట్ కాంట్రాక్టు అంటున్నారు.

ప్రతి ఫోన్‌లో ఉన్న బ్లాక్‌చెయిన్

భారతదేశంలో అత్యధికులకు చేరిన బ్లాక్‌చెయిన్ గురించి వాడేవారిలో చాలామందికి తెలియదు. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ, గ్యాస్ బుకింగ్ సమాచారం, దుకాణం పంపే పండగ ఆఫరు అన్నీ దాని గుండానే వస్తాయి. ప్రకటనల ఎస్సెమ్మెస్‌ల బెడదను అరికట్టేందుకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 జూలైలో కొత్త నిబంధనలు తెచ్చింది. మూకుమ్మడిగా సందేశాలు పంపే ప్రతి సంస్థా తన పేరును, పంపేవారి గుర్తును, సందేశాల నమూనాలను టెలికాం కంపెనీలు ఉమ్మడిగా నడిపే బ్లాక్‌చెయిన్ లెడ్జరులో, అంటే పద్దు పుస్తకంలో, నమోదు చేసుకోవాలి. నమూనాతో సరిపోలని సందేశం ముందుకు వెళ్లదు.

తనిఖీని 2021 మార్చి 8న గట్టిగా అమలు చేసినప్పుడు దేశమంతటా ఓటీపీలు ఆగిపోయాయి. నమూనాలు నమోదు చేయని సంస్థల సందేశాలను వ్యవస్థ ఆపేసింది. ట్రాయ్ వారం పాటు అమలును వాయిదా వేసి, సంస్థలను హెచ్చరించి మళ్లీ మొదలుపెట్టింది. 2025 నుంచి పంపేవారి గుర్తు చివర హైఫన్ తర్వాత ఒక ఇంగ్లిష్ అక్షరం కూడా కనిపిస్తోంది. ప్రకటనకు పి, సేవకు ఎస్, లావాదేవీకి టి, ప్రభుత్వ సందేశానికి జి.

జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మార్కెట్లో గట్టి పోటీదారులు. ఒకరి లెక్కల పుస్తకాన్ని ఇంకొకరు నమ్మే పరిస్థితి లేదు. పైగా ఉమ్మడి పుస్తకంలో చేరమని చట్టం బలంతో చెప్పే సంస్థ పైన ఉంది. ఈ రెండూ కలిసిన చోట బ్లాక్‌చెయిన్‌కు పని దొరికింది. మామూలు పది అంకెల నంబర్ల నుంచి మోసగాళ్లు పంపే సందేశాలు మాత్రం ఈ వల బయటే ఉండిపోయాయి. లెడ్జరులో నమోదైనవారినే లెడ్జరు అదుపు చేయగలదు.

మామిడి ముక్క నుంచి గుంటూరు మిర్చి దాకా

సరుకు రవాణాలో ఈ సాంకేతికతకు పేరు తెచ్చింది మామిడిపండు. వాల్‌మార్ట్‌లో అప్పట్లో ఆహార భద్రత చూసే ఫ్రాంక్ యియనాస్, దుకాణంలో కొన్న ఒక మామిడి ముక్కల డబ్బా ఏ తోట నుంచి వచ్చిందో కనిపెట్టమని తన బృందానికి చెప్పాడు. కాగితాలు, ఈమెయిళ్లు, ఫోన్ల మీద ఆరా తీస్తే జవాబు రావడానికి 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. ఐబీఎంతో కలిసి బ్లాక్‌చెయిన్ మీద అదే వివరం వెతికితే 2.2 సెకన్లు. 2018లో అమెరికాలో లెట్యూస్ ఆకుల ద్వారా ఈ-కొలై బ్యాక్టీరియా వ్యాపించినప్పుడు ఏ పొలం సరుకు చెడిందో తేలక దుకాణాల్లోని ఆకుకూరంతా పారబోయాల్సి వచ్చింది. ఆ ఏడాదే వాల్‌మార్ట్ తనకు ఆకుకూరలు సరఫరా చేసేవారంతా ఈ వ్యవస్థలో చేరాలని షరతు పెట్టింది.

తెలుగు నేల మీద ఇదే అవసరం మిర్చి, పసుపు రైతుకు ఉంది. పురుగుమందుల అవశేషాలు పరిమితి దాటాయని విదేశీ రేవుల్లో సరుకు వెనక్కి వచ్చిన ప్రతిసారీ దెబ్బ గుంటూరు యార్డు ధర మీద పడుతుంది. జాగ్రత్తగా పండించిన రైతుకూ, మందు ఎక్కువ కొట్టిన రైతుకూ అక్కడ తేడా ఉండదు, ఇద్దరి బస్తాలూ ఒకే రాశిలో కలుస్తాయి. 2021 ఏప్రిల్‌లో సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంతో కలిసి బ్లాక్‌చెయిన్ ఆధారిత ఆచూకీ వ్యవస్థకు ఒప్పందం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన జిల్లాల్లోని 3,000 మందికి పైగా మిర్చి, పసుపు రైతులతో తొలి ప్రయోగం తలపెట్టారు. అంతకు రెండేళ్ల ముందు, 2019లో, కాఫీ బోర్డు కూడా రైతును, కొనుగోలుదారును నేరుగా కలిపే ఇలాంటి ప్రయోగాన్నే ప్రారంభించింది.

ఈ రంగంలో నిజమైన లాభం ఇక్కడే ఉంది. బస్తా మీది కోడ్‌ను విదేశీ కొనుగోలుదారు స్కాన్ చేస్తే ఏ ఊరి పంట, ఏ తేదీన కోత, ఏ ల్యాబ్ పరీక్షలో ఏం తేలింది అన్నవి కనిపిస్తే, మంచి సరుకుకు మంచి ధర అడిగే బలం రైతుకు వస్తుంది. అయితే ఆ వివరాలను మొదట కంప్యూటరులోకి ఎక్కించేది ఎవరు? మధ్యవర్తి గుమాస్తా అయితే, కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మారిస్తే, గొలుసు ఆ అబద్ధాన్ని కూడా అంతే భద్రంగా కాపాడుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘం స్థాయిలో తనిఖీ, ల్యాబ్ సౌకర్యం లేకుండా ఈ వ్యవస్థకు విలువ రాదు.

ఓడ సరుకుల విషయంలో ఎదురుదెబ్బ తగిలింది. మేర్స్క్ షిప్పింగ్ కంపెనీ, ఐబీఎం కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ అనే వేదికను తెచ్చాయి. ఒక్క కంటైనరు ఒక రేవు నుంచి మరో రేవుకు చేరేలోగా పోగయ్యే కాగితాల కట్టలన్నిటినీ ఉమ్మడి లెడ్జరులోకి మార్చాలన్నది ఆశయం. వేదికను నడిపే యజమానుల్లో ఒకరు తమ ప్రత్యర్థే కావడం ఇతర ఓడల కంపెనీలకు మొదటి నుంచీ నచ్చలేదు. కొన్ని పెద్ద కంపెనీలు తర్వాత చేరినా, పరిశ్రమ అంతా కలిసిరాలేదని చెప్పి 2022 నవంబరులో దాన్ని మూసేస్తున్నట్లు ప్రకటించారు. సాంకేతికంగా అది పనిచేసింది. పుస్తకం అందరిదీ అన్న నమ్మకాన్ని కలిగించలేకపోయింది.

మందుల రంగంలో ఒత్తిడి చట్టం నుంచి వస్తోంది. అమెరికా 2013లో చేసిన ఔషధ సరఫరా భద్రతా చట్టం ప్రకారం ప్రతి మందు పెట్టె చేతులు మారిన దారిని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చూపగలగాలి. దాన్ని బ్లాక్‌చెయిన్‌తో చేయవచ్చని మెడిలెడ్జర్ అనే బృందం అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ప్రయోగాల్లో చూపింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి పెద్దఎత్తున మందులు అమెరికాకు వెళ్తాయి గనుక ఈ మార్పు ఇక్కడి ప్యాకింగ్ లైన్ల మీద నేరుగా పడుతుంది. మన దేశంలో నకిలీ మందుల మీద నిఘాకు నీతి ఆయోగ్ 2018లో అపోలో ఆసుపత్రులు, ఒరాకిల్, స్ట్రైడ్స్ ఫార్మాతో కలిసి ఒక బ్లాక్‌చెయిన్ ప్రయోగం మొదలుపెట్టింది. 2023 ఆగస్టు నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. దానికి బ్లాక్‌చెయిన్ అక్కర్లేకపోయింది.

బ్యాంకులు, చిట్టీలు

డబ్బు లావాదేవీల కోసమే పుట్టిన సాంకేతికత బ్యాంకింగ్‌ను తలకిందులు చేస్తుందని పదేళ్ల కిందట చాలామంది అనుకున్నారు. హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ, అంటే రిజర్వు బ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ, 2017 జనవరిలోనే దీనిపై శ్వేతపత్రం వెలువరించింది. 2021లో 15 బ్యాంకులు కలిసి లెటర్ ఆఫ్ క్రెడిట్ లాంటి వాణిజ్య పత్రాలను బ్లాక్‌చెయిన్ మీద నడపడానికి ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేశాయి. ఒకే బిల్లు మీద రెండు బ్యాంకుల్లో అప్పు తీసుకునే మోసాలను అడ్డుకోవడానికి ఇది తగిన చోటు. అక్కడ పాల్గొనే బ్యాంకులు వేరు, పుస్తకాలు వేరు.

మామూలు చెల్లింపుల్లో మాత్రం కథ వేరు. యూపీఐ 2023 ఆగస్టులో తొలిసారి ఒకే నెలలో 1,000 కోట్ల లావాదేవీలు దాటింది. దాని వెనుక ఉన్నది జాతీయ చెల్లింపుల సంస్థ నడిపే కేంద్రీకృత వ్యవస్థ. అందరూ నమ్మే సంస్థ ఒకటి ఉండి, అది వేగంగా పనిచేస్తుంటే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక ప్రతి ఉంచి లెక్క సరిచూసుకోవడం వృథా ఖర్చే. ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్‌చేంజ్‌కు ఇది బాగా ఖరీదైన పాఠమైంది. షేర్ల సెటిల్‌మెంటు వ్యవస్థను బ్లాక్‌చెయిన్ తరహా లెడ్జరుకు మార్చాలని 2016లో పని మొదలుపెట్టి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2022 నవంబరులో ఆపేసింది. సుమారు 25 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లను నష్టంగా రాసుకుంది.

రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయిని 2022 నవంబరు 1న బ్యాంకుల మధ్య లావాదేవీలకు, డిసెంబరు 1న సామాన్యులకు ప్రయోగాత్మకంగా తెచ్చింది. రెండో విడత నగరాల జాబితాలో హైదరాబాద్ ఉంది. ఇది క్రిప్టో నాణెం లాంటిది కాదు, జేబులోని నోటులాగే దీనికి రిజర్వు బ్యాంకు పూచీ ఉంటుంది. డాలరు విలువకు కట్టిన స్టేబుల్‌కాయిన్లకు అమెరికా 2025 జూలైలో ప్రత్యేక చట్టం చేసింది. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి ఇంటికి డబ్బు పంపే తెలుగువారికి కమీషన్ తగ్గే అవకాశం ఈ రెండు దారుల్లోనూ ఉంది. కానీ 2022 మేలో టెర్రా అనే స్టేబుల్‌కాయిన్ కొద్ది రోజుల్లో కుప్పకూలి, పొదుపు పెట్టినవారిని నిలువునా ముంచిన సంగతి మరవకూడదు.

చిట్‌ఫండ్ దగ్గరికి వస్తే విషయం మనకు మరీ దగ్గరది. ఇరవై మంది నెలనెలా డబ్బు కట్టి, పాటలో ఎక్కువ తగ్గించుకున్నవారికి ఆ నెల మొత్తం ఇచ్చి, మిగిలింది అందరూ పంచుకునే ఈ పద్ధతి కూతురి పెళ్లికి, దుకాణానికి పెట్టుబడికి, ఇంటి స్లాబుకు లక్షల కుటుంబాలను ఆదుకుంది. అందులో మోసపోయిన కుటుంబాలకూ లెక్కలేదు. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ప్రతి చిట్టీ గ్రూపునూ రిజిస్టరు చేయాలి, నిర్వాహకుడు ముందే హామీ డిపాజిట్ కట్టాలి, ప్రతి పాట వివరాలనూ రిజిస్ట్రారుకు సమర్పించాలి. ఇవన్నీ కాగితాల మీద నడిచినప్పుడు, కట్టినవారి పేర్లలో బినామీలు దూర్చడం, పాట తేదీ, మొత్తం తర్వాత మార్చి రాయడం సులువు. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ కోసం హైదరాబాద్ స్టార్టప్ చిట్‌మంక్స్ టీ-చిట్స్ అనే వేదికను బ్లాక్‌చెయిన్ మీద కట్టింది. గ్రూపు నమోదు, పాట, చెల్లింపు ఒక్కొక్కటీ జరిగినప్పుడే లెడ్జరులోకి ఎక్కుతాయి. నిర్వాహకుడు, సభ్యుడు, రిజిస్ట్రారు ముగ్గురికీ ఒకే లెక్క కనిపిస్తుంది. తగాదా వచ్చినప్పుడు ఏ రోజు ఎవరు ఎంతకు పాడారన్నది చెప్పడానికి సాక్షుల కోసం వెతకనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా వీధుల్లో నోటిమాట మీద నడిచే చిట్టీలే ఎక్కువ ప్రమాదకరమైనవి. వాటిని ఈ వేదిక తాకలేదు.

భూమి: అందరూ ఆశపడే చోటు

ప్రభుత్వ పాలనలో బ్లాక్‌చెయిన్ పేరు ఎత్తగానే మొదట గుర్తొచ్చేది భూమి. కారణం స్పష్టం. మన దేశంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుంది, హక్కుకు హామీ ఇవ్వదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర పడిన పత్రం చేతిలో ఉన్నా అమ్మినవాడికి అసలు హక్కు ఉందో లేదో కొనేవాడే చూసుకోవాలి. అందుకే లింకు డాక్యుమెంట్ల కట్ట, పదమూడేళ్లో ముప్పై ఏళ్లో వెనక్కి వెళ్లే ఈసీ, వకీలు అభిప్రాయం, అయినా తీరని భయం. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిన కథ హైదరాబాద్ శివార్లలోనూ విశాఖ శివార్లలోనూ కొత్తది కాదు.

2017 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో భూరికార్డుల ప్రయోగం ప్రకటించింది. రాజధాని కోసం రైతుల నుంచి 33,000 ఎకరాలకు పైగా సమీకరించిన అమరావతి ప్రాంత రికార్డులకు కూడా హైదరాబాద్‌కు చెందిన జెబీ సంస్థ ద్వారా ఈ భద్రత కల్పించే ప్రయత్నం జరిగింది. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో తెలంగాణ, బ్లాక్‌చెయిన్ కంపెనీలకు నెలవుగా బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ అనే ఆలోచనను ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ ఆస్తుల నమోదుకు తయారుచేసిన నమూనాను శంషాబాద్ ప్రాంతంలో ప్రయోగించారు.

ఇతర దేశాల అనుభవం రెండు రకాలుగా ఉంది. జార్జియా 2016లో బిట్‌ఫ్యూరీ సంస్థతో కలిసి పని మొదలుపెట్టి, 15 లక్షలకు పైగా భూమి పత్రాల హ్యాష్‌లను బిట్‌కాయిన్ గొలుసుకు ముడివేసింది. అయితే అంతకు ముందే ఆ దేశం తన రిజిస్ట్రీని సంస్కరించుకుని, డిజిటల్ చేసి, శుభ్రంగా పెట్టుకుంది. 2015లో హోండురస్‌లో తలపెట్టిన ఇలాంటి ప్రయత్నం ఆదిలోనే నిలిచిపోయింది. ఇల్లు కడిగాక వేసిన ముగ్గు నిలుస్తుంది గానీ బురద మీద వేసింది నిలవదు.

తెలుగు రాష్ట్రాల అసలు కష్టం గొలుసుకు ముందే ఉంది. ఆంధ్రలో బ్రిటిష్ కాలపు కొలతలకు, తెలంగాణలో నిజాం కాలపు కొలతలకు, నేల మీది గట్లకు పొంతన లేని గ్రామాలెన్నో. సాదాబైనామాల (తెల్లకాగితపు ఒప్పందాల) మీద చేతులు మారిన పొలాలు, పంపకాలు జరిగినా తాత పేరు మీదే ఉన్న పాస్‌బుక్కులు, నిషేధిత జాబితాలో పొరపాటున చేరిన సర్వే నంబర్లు ఇంకో చిక్కు. 2020 అక్టోబరులో తెలంగాణ తెచ్చిన ధరణి పోర్టల్ అమ్మకాన్ని, మ్యుటేషన్‌ను ఒకే రోజులో ముగించింది. కానీ ముందే తప్పుగా ఎక్కిన పేరును, విస్తీర్ణాన్ని సరిచేయించుకోవడానికి రైతులు కలెక్టరేట్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో వచ్చిన భూభారతి అప్పీలు దారులు తెరిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే, 2023లో అమల్లోకి వచ్చి 2024లో రద్దయిన భూహక్కుల చట్టం ఎంత వివాదం రేపాయో తెలిసిందే.

వీటన్నిటి నుంచి తేలేది ఒకటుంది. రైతుకు కావలసింది ఎప్పటికీ మారని రికార్డు కాదు. ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వు మీద మార్చారో దాచలేని రికార్డు కావాలి. బ్లాక్‌చెయిన్‌లో దిద్దుబాటు కొత్త పద్దుగా చేరుతుంది, పాతది కనబడుతూనే ఉంటుంది. రాత్రికి రాత్రి పహాణీలో పేరు మారిపోయి, ఎవరు మార్చారంటే ఎవరూ చెప్పని ఆఫీసులకు ఇంతకంటే మేలైన మందు లేదు. కానీ మొదటి పద్దు సరైనదో కాదో తేల్చే పని సర్వేయరుది, గ్రామసభది, రెవెన్యూ కోర్టుది. అది గొలుసు చేసే పని కాదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బిహార్ రిజిస్ట్రేషన్ నిబంధనల కేసులో తీర్పు ఇస్తూ, ఆస్తుల నమోదుకు బ్లాక్‌చెయిన్ వాడే అవకాశాన్ని, ఇందుకోసం పాత చట్టాల్లో రావలసిన మార్పులను పరిశీలించమని లా కమిషన్‌ను కోరింది. సాంకేతికత కంటే ముందు చట్టం కదలాలన్న సంగతిని అత్యున్నత న్యాయస్థానం కూడా గుర్తించినట్టే.

చిన్న దేశం, శరణార్థి శిబిరం, సర్టిఫికెట్టు

ఎస్టోనియా 2007లో భారీ సైబర్ దాడులకు గురైంది. ఆ తర్వాత గార్డ్‌టైమ్ సంస్థ హ్యాష్ గొలుసు పద్ధతిని ఎంచుకుని 2012 నుంచి ప్రభుత్వ రికార్డుల్లో వాడుతోంది. అక్కడ పౌరుల ఆరోగ్య వివరాలను గొలుసులో పెట్టరు. సమాచారం ఆయా శాఖల దగ్గరే ఉంటుంది, దాని హ్యాష్ మాత్రమే గొలుసుకు వెళ్తుంది. లోపలి ఉద్యోగి రికార్డును తాకినా జాడ మిగులుతుంది. ఆ గొలుసు సారాన్ని ఫైనాన్షియల్ టైమ్స్‌లో ముద్రించడం ద్వారా హేబర్, స్టోర్నెట్టా పాత ఉపాయాన్నే కొనసాగించారు.

జోర్డాన్‌లోని అజ్రక్ శిబిరంలో ప్రపంచ ఆహార కార్యక్రమం 2017లో సుమారు 10,000 మంది సిరియా శరణార్థులకు బిల్డింగ్ బ్లాక్స్ అనే బ్లాక్‌చెయిన్ వ్యవస్థ ద్వారా ఆహార సాయం అందించింది. దుకాణంలో కంటిపాప స్కాన్ చేస్తే చాలు, ఖాతాలో నుంచి సొమ్ము తగ్గుతుంది. బ్యాంకులకు కట్టే రుసుములు 98 శాతం తగ్గాయని ఆ సంస్థ చెప్పింది. ఆకలితో ఉన్నవారికి చేరాల్సిన డబ్బు రుసుములకు పోకపోవడం చిన్న విషయం కాదు.

సర్టిఫికెట్ల పరిశీలన బహుశా అన్నిటికంటే తేలికైన, తక్షణ ప్రయోజనం. ఎంఐటీ 2017లో 111 మంది పట్టభద్రులకు బ్లాక్‌చెయిన్‌తో సరిచూసుకోగల డిజిటల్ పట్టాలిచ్చింది. సీబీఎస్ఈ 2021లో తన ఫలితాల పత్రాలను గొలుసుకు కలిపింది. తెలంగాణ సరిహద్దుకు దగ్గరలోనే ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా ఎటపల్లిలో 2022లో 65,000 కుల ధ్రువపత్రాలను పాలిగన్ అనే గొలుసు మీద ఇచ్చారు. ఉద్యోగానికో విదేశీ చదువుకో వెళ్లేవారి పత్రాల నిజానిజాలు తేల్చడానికి వారాలు పట్టే చోట ఇది నిమిషాల పని. ఇచ్చిన సంస్థ మూతపడ్డా రుజువు మిగులుతుంది.

ఎన్నికల విషయం వేరు. 2021 అక్టోబరులో ఖమ్మంలో స్మార్ట్‌ఫోన్ ద్వారా ఓటు వేసే నమూనా పరీక్ష జరిగింది, అందులో బ్లాక్‌చెయిన్ కూడా భాగం. అమెరికాలో వెస్ట్ వర్జీనియా 2018లో వాడిన వోట్స్ యాప్‌ను ఎంఐటీ పరిశోధకులు 2020లో పరీక్షించి తీవ్రమైన లోపాలు బయటపెట్టారు. ఓటు గొలుసులో చేరాక భద్రమే కావచ్చు. చేరడానికి ముందు ఫోన్‌లో వైరస్ ఉంటే? పక్కన నిలబడి బెదిరించేవాడు ఉంటే? పోలింగ్ కేంద్రంలోని అట్టపెట్టె మాటు ఓటరుకు ఇచ్చే రక్షణను ఏ లెడ్జరూ ఇవ్వలేదు. ఈ ఒక్క రంగంలో వేచి ఉండడమే మంచిది.

గొలుసుకు ఉన్న హద్దులు

స్మార్ట్ కాంట్రాక్టులో తప్పు దొర్లితే ఆ తప్పు కూడా తనంతట తానే అమలవుతుంది. 2016లో ఎథీరియం మీద నడిచిన డీఏఓ అనే ఉమ్మడి నిధి నుంచి ప్రోగ్రాములోని లొసుగు ద్వారా 36 లక్షల ఈథర్ నాణేలు కొల్లగొట్టారు. చివరికి ఎక్కువమంది సభ్యులు ఒప్పుకుని గొలుసునే చీల్చి ఆ సొమ్మును వెనక్కి తెచ్చారు. మార్చలేనిది అనుకున్న చరిత్రను మనుషులే కూర్చుని మార్చారు. 2024 జూలైలో వజీర్ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్‌చేంజ్ నుంచి 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు పోయినప్పుడు బ్లాక్‌చెయిన్ చెక్కుచెదరలేదు, కానీ మదుపరుల ఖాతాలు నెలల తరబడి స్తంభించాయి.

గోప్యత మరో ముడి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన వివరాలను తుడిచేయమని కోరే హక్కును పౌరుడికి ఇచ్చింది. తుడవడానికి వీల్లేని గొలుసులో ఆధార్ నంబరో వైద్య నివేదికో పెడితే ఈ హక్కు మాటలకే పరిమితమవుతుంది. ఎస్టోనియా మాదిరిగా హ్యాష్ మాత్రమే గొలుసులో ఉంచి, అసలు సమాచారాన్ని బయట ఉంచడమే ఇప్పటికి తెలిసిన మంచి మార్గం.

కాపీలన్నీ ఒకే యజమాని చేతిలో ఉంటే ఎన్ని ఉన్నా ఒకటే. భారత ప్రభుత్వం 2024 సెప్టెంబరు 4న ప్రారంభించిన విశ్వస్య అనే జాతీయ వేదిక భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలోని జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) డేటా కేంద్రాల్లో నడుస్తోంది. మూడు నగరాల్లో ప్రతులు ఉండడం వల్ల ఒక చోట నిప్పంటుకున్నా రికార్డు మిగులుతుంది. కానీ మూడూ ఒకే శాఖ అధీనంలో ఉన్నప్పుడు, ఆ శాఖే తప్పు చేస్తే పట్టుకునేదెవరు? హైకోర్టుకో, విశ్వవిద్యాలయానికో, కాగ్‌కో ఒక ప్రతి అప్పగిస్తే ఈ వేదికకు పౌరుల దృష్టిలో విలువ పెరుగుతుంది.

న్యాయస్థానాల్లో దీనికి చోటు మెల్లగా ఏర్పడుతోంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఇచ్చేవారు జతచేయాల్సిన ధ్రువపత్రంలో ఆ రికార్డు హ్యాష్ విలువనూ, దాన్ని లెక్కగట్టిన పద్ధతినీ రాయాలి. షా-256 పేరు ఆ నమూనాలోనే అచ్చయి ఉంది. ధ్రువపత్రానికి రెండు భాగాలున్నాయి: ఒకటి రికార్డు దాఖలు చేసే పక్షం నింపి సంతకం చేయాలి, రెండోది నిపుణుడు నింపి సంతకం చేయాలి.